ఆరున్నర పద్నాలుగున్నర ఎలా అయింది?

చర్లపల్లి పారిశ్రామికవాడలోని ఒక చిన్న సంస్థలో ఏడాదిన్నరగా పనిచేస్తున్న పాఠకురాలు, పేరు ప్రచురించవద్దని కోరుతూ, నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆ సంస్థ నీటి పంపులకు బిగించే కంపనమాపకాలను తయారు చేస్తుంది. పరికరం నిమిషానికొకసారి కంపన వేగాన్ని సెకనుకు మిల్లీమీటర్లలో లెక్కగట్టి, ఆ ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యను (దశాంశ భాగం ఉన్న సంఖ్యకు యంత్రంలోని రూపం) మూడు బైట్లకు కుదించి ఆఫీసుకు పంపుతుంది. మొదటి బైటులో ఘాతాంకం, తక్కిన రెండింటిలో భిన్న భాగం ఉంటాయి. ఆఫీసులోని ప్రోగ్రాం ఆ బైట్లను వచ్చినవి వచ్చినట్టే భద్రపరచి, తెర మీద చూపేటప్పుడు మాత్రం వాటిని మళ్లీ సంఖ్యగా కూరుస్తుంది. ఈ రెండు వైపుల కోడ్‌నూ ఎన్నో ఏళ్ల కిందట రాసినవారు, ఈమెను ఉద్యోగంలోకి తీసుకుని పని నేర్పినవారు ఒక్కరే. ఉత్తరమంతటా ఆయనను ‘సార్’ అనే పేర్కొన్నారు కనుక నేనూ అలాగే అంటాను.

కొత్త బోర్డు, కొత్త కంపైలర్ (కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చే ప్రోగ్రాం) వచ్చాక పాత కోడ్‌ను అందులోకి మార్చే పనిని సార్ ఈమెకు అప్పగించారు. ఆప్టిమైజేషన్ (కోడ్ వేగంగా నడిచేలా కంపైలర్ చేసే సర్దుబాటు) లేకుండా కంపైల్ చేస్తే అంతా బాగానే ఉంది. ఆప్టిమైజేషన్ పెడితే ఒక్కోసారి ముందటి నిమిషపు విలువ, ఒక్కోసారి అర్థం లేని విలువ వస్తున్నాయి. అమీర్‌పేటలో సి భాష నేర్చుకున్నప్పుడు విన్న, సంఖ్యను భిన్నంగా, ఘాతాంకంగా విడదీసే ‘ఫ్రెక్స్‌ప్’ అనే లైబ్రరీ ఫంక్షన్ గుర్తొచ్చి, సార్ రాసిన బిట్ల లెక్క తీసేసి దాన్ని పెట్టారు. ఒక కస్టమరు పంపుహౌసులో పరికరాలు బిగించి చేతి మీటరుతో సరిచూస్తే, మూడో పంపు దగ్గర మొదటి రోజు 5 ఉన్నచోట తెర మీద 13, మర్నాడు ఉదయం 6.5కు 14.5, అదే సాయంత్రం 8కి 24 కనిపించాయి. ఆపి ఉంచిన పంపు 1 చూపింది. ఆ రాత్రి నిద్ర మానుకుని ఘాతాంకంలోంచి ఒకటి తీసివేస్తే, రెండో పంపులో 3.9కి 3.95 వచ్చి ప్రాణం లేచివచ్చింది. కానీ మూడో పంపులో 8కి 12, ఆగిన పంపుకు 0.5 వచ్చాయి. మూడో రోజు సార్ అందరి ముందూ, “ఇన్నేళ్లు నడిచిన కోడ్‌ను పుస్తకాల తెలివితో పాడుచేశావమ్మా” అన్నారట. అప్పటి నుంచి ఆయన ముందు ఈమెకు నోరు పెగలడం లేదు. ‘లైబ్రరీ ఫంక్షనే తప్పా, నేను తప్పా? గుట్టుచప్పుడు కాకుండా పాత కోడ్ పెట్టి, ఆప్టిమైజేషన్ తీసేసి, ఈ మూడు రోజుల రీడింగులను తుడిచేయాలా? లేక ఉద్యోగం మానేసి సూర్యాపేట వెళ్లిపోవాలా?’ అన్నది ఆమె ప్రశ్న.

మీ ఉత్తరాన్ని కాగితం, పెన్ను పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివాను. మీరిచ్చిన అంకెలు ఎంత కచ్చితంగా ఉన్నాయంటే, జరిగినదేమిటో వాటి నుంచే పూర్తిగా తెలిసిపోతోంది. ఫ్రెక్స్‌ప్ తప్పు చెప్పలేదు. సార్ చేసిన విభజన కూడా లెక్కగా సరైనదే. మీరు పోయాయనుకుంటున్న మూడు రోజుల రీడింగులు పోలేదు. వాటిని దయచేసి తుడిచివేయకండి. ఎందుకో తరువాత చెబుతాను.

ఒకే సంఖ్యను భిన్నంగా, ఘాతాంకంగా విడదీయడానికి ఒక్క దారి మాత్రమే లేదు. 4500ను 4.5 × 10³ అని రాయవచ్చు, 0.45 × 10⁴ అని కూడా రాయవచ్చు; బడిలో మొదటిదాన్ని ప్రామాణిక రూపమని నేర్పారు గనుక రెండవది మనకు వింతగా తోస్తుంది, అంతే. యంత్రంలో పది బదులు రెండు ఉంటుంది. ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యల కోసం 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం సాధారణ సంఖ్యలన్నిటినీ ‘ఒకటి చుక్క ఏదో’ అనే రూపంలో ఉంచుతుంది: 6.5 అంటే 1.625 × 2². ముందున్న ఆ ఒకటి ఎప్పుడూ ఒకటే కాబట్టి దాన్ని నిల్వ చేయనవసరం లేదని, ఒక బిట్టు మిగుల్చుకుంటుంది. 32 బిట్ల ఫ్లోట్‌లో గుర్తుకు 1, ఘాతాంకానికి 8, భిన్నానికి 23 బిట్లు. ఘాతాంకానికి 127 కలిపి నిల్వ చేస్తారు. 6.5కు లోపల ఉండేవి 129, 0.625. సార్ కోడ్ ఈ బిట్లనే నేరుగా బయటికి తీసి, 129లోంచి 127 పోగొట్టి 2 అని, భిన్నం 0.625 అని పంపుతోంది. వాటిని కూర్చే ప్రోగ్రాం నిల్వ చేయని ఆ ఒకటిని గుర్తుపెట్టుకుని కలుపుకుంటోంది.

ఫ్రెక్స్‌ప్ అంతకంటే పాతది. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఏడవ కూర్పుకు 1979లో వచ్చిన మాన్యువల్‌లోనే అది ఉంది. సి, యూనిక్స్ పెరిగిన పీడీపీ-11 యంత్రాలలో ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యను అర మొదలుకొని ఒకటి లోపు ఉండే భిన్నంగా భావించేవారు. ఫ్రెక్స్‌ప్ నేటికీ ఆ హద్దులలోనే భిన్నాన్ని ఇస్తుంది. దానికి 6.5 అంటే 0.8125 × 2³. విచిత్రమేమిటంటే, సి భాష 1999 ప్రమాణంలో అదే లైబ్రరీలోకి వచ్చిన, ఘాతాంకాన్ని చెప్పే ‘ఐలాగ్‌బి’ ఫంక్షన్‌ను అడిగితే 6.5కు 3 కాక 2 చెబుతుంది. ఒకే లైబ్రరీ ఒకే సంఖ్యకు రెండు ఘాతాంకాలు చెబుతున్నప్పుడు మీరు తికమక పడడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు మీ పంపుల దగ్గరికి వద్దాం. మీరు పంపిన 0.8125లో ఆ మొదటి ఒకటి అప్పటికే ఇమిడి ఉంది. ఆ సంగతి తెలియని పాత ప్రోగ్రాం దానికి ఇంకొక ఒకటి కలిపింది: 1.8125 × 8, అంటే 14.5. మరోలా చెప్పాలంటే, ప్రతి రీడింగుకూ దాని ఘాతాంకానికి తగిన 2 యొక్క ఘాతం అదనంగా చేరింది. 5కు 8 చేరి 13, 6.5కు 8 చేరి 14.5, 8 విషయంలో ఫ్రెక్స్‌ప్ 0.5, 4 ఇస్తుంది కనుక 16 చేరి 24. సున్నాకు ఫ్రెక్స్‌ప్ భిన్నం 0, ఘాతాంకం 0 అని ఇస్తుంది. దానికి 2⁰ చేరి, ఆగిన పంపు 1 చూపింది. అన్నిటినీ కలిపి ఏ ఒక్క సంఖ్యతో భాగించినా సరిపోలేదని మీరు రాశారు. సరిపోదు, ఈ తప్పు 4, 8 లాంటి 2 యొక్క ఘాతాల దగ్గర మూడు రెట్లుగా ఉండి, తరువాతి ఘాతం వైపు పోయేకొద్దీ రెండు రెట్లకు తగ్గుతూ వస్తుంది.

ఘాతాంకంలో ఒకటి తీసివేయడంతో ఆ విలువలన్నీ సగమయ్యాయి. 3.9 లాంటి సంఖ్య భిన్నం 0.975, అంటే దాదాపు ఒకటి. అందుకే అక్కడ తప్పు 3.95 రూపంలో కంటికి ఆననంత చిన్నదైంది. 8కి భిన్నం అర కాబట్టి అక్కడ 12గా బయటపడింది. రెండో పంపును మాత్రమే చూసి ఆగిపోయి ఉంటే మీరు తప్పును సరిదిద్దామనుకునేవారు. ఆగిన పంపును, మూడో పంపును కూడా చూసి రాసిపెట్టుకున్నారు. పనిలో ఆ జాగ్రత్త ఉన్నవారు ‘నాకు ఈ పని రాదేమో’ అని రాయడం నాకు బాధ కలిగించింది.

సవరణ చిన్నదే. ఫ్రెక్స్‌ప్ ఇచ్చిన భిన్నాన్ని రెట్టింపు చేసి అందులోంచి ఒకటి తీసివేయాలి, ఘాతాంకంలోంచి కూడా ఒకటి తీసివేయాలి. మీరు రెండవ సగమే చేశారు. 0.8125 రెట్టింపై 1.625, అందులో ఒకటి పోతే 0.625, ఘాతాంకం 2. ఆ 0.625ను రెండు బైట్ల పూర్ణాంకంగా మార్చడానికి 65536తో (2¹⁶) గుణిస్తే 40960, సరిగ్గా సార్ కోడ్ పంపే అంకె. ఈ రెట్టింపులోనూ తీసివేతలోనూ ఒక్క బిట్టు కూడా నష్టపోదు. అయితే 65536తో గుణించాక దగ్గరి పూర్ణాంకానికి సవరించకండి, మిగిలిన భాగాన్ని కత్తిరించండి. ఎనిమిదికి అతి దగ్గరగా, దానికంటే తక్కువగా ఉన్న సంఖ్యను సవరిస్తే ఆ విలువ 65536 అయి, 16 బిట్లలో పట్టక సున్నాగా మారి, 8 కావలసిన రీడింగు 4గా కనిపిస్తుంది. సార్ బిట్ల లెక్క కత్తిరింపే చేస్తుంది కనుక ఇన్నేళ్లలో ఆ గండం ఆయనకు ఎదురుకాలేదు.

సున్నాను మాత్రం ముందే పక్కకు తీయాలి, లేకపోతే రెట్టింపు చేసి ఒకటి తీసివేయగా వచ్చే మైనస్ ఒకటిని గుర్తులేని పూర్ణాంకంలో వేయవలసి వస్తుంది, దాని ఫలితానికి సి భాష ఏ హామీ ఇవ్వదు. సార్ కోడ్ సున్నాకు ఘాతాంకం -127, భిన్నం 0 పంపుతుంది. కూర్చాక అది సున్నా కాకపోయినా 10⁻³⁸ కంటే చిన్నది కనుక తెర మీద 0.00గానే కనిపిస్తుంది. మీరూ అదే పంపండి. అత్యల్ప సంఖ్యల సంగతీ అంతే: 2⁻¹²⁶ కంటే చిన్న కంపనమంటూ ఏ పంపులోనూ ఉండదు కాబట్టి వాటిని సున్నాతో జమకట్టండి.

ఇక్కడ సార్ కోడ్‌లో నిజంగా ఒక లోపం ఉంది, అది మీ ఇద్దరిలో ఎవరి దృష్టికీ వచ్చినట్టు లేదు. సెన్సారు పాడై లెక్క ‘సంఖ్య కాని’ విలువకో అనంతానికో పోతే, ఘాతాంకపు బిట్లలో 255 ఉంటుంది. దానిలో 127 పోతే 128; గుర్తున్న ఒక బైటులో 127 దాటి పట్టదు కనుక సాధారణంగా అది -128గా మారుతుంది. అప్పుడు తెర మీద కనిపించేది మళ్లీ 0.00. అంటే సెన్సారు చచ్చిపోయిన పంపూ, ప్రశాంతంగా ఆగి ఉన్న పంపూ ఒకేలా కనిపిస్తాయి. అలాంటి విలువలకు ఫ్రెక్స్‌ప్ ఇచ్చే ఘాతాంకం నమ్మదగినది కాదు కాబట్టి మీ కోడ్‌లోనూ ఆ పరీక్ష ముందే ఉండాలి. -128ను ‘రీడింగు లేదు’ అనే గుర్తుగా స్థిరపరచి, చూపే ప్రోగ్రాంలో ఒక్క పంక్తి చేరిస్తే సరిపోతుంది. పాత రికార్డులకు కూడా అది పనికొస్తుంది.

పాత కోడ్ ఆప్టిమైజేషన్‌తో ఎందుకు తడబడిందంటే, దానికి ఫ్లోటింగ్ పాయింట్‌తో సంబంధం లేదు. ఫ్లోట్ ఉన్న మెమరీ చిరునామాను పూర్ణాంకపు పాయింటర్‌గా, అంటే పూర్ణాంకం ఉన్న చిరునామాగా, మార్చి చదవడాన్ని సి భాష నియమాలు అనుమతించవు. పూర్ణాంకపు పాయింటర్ ఫ్లోట్‌ను తాకదని కంపైలర్ నమ్ముతుంది, ఆ నమ్మకంతో కొత్త విలువ మెమరీలోకి చేరకముందే చదివే పనిని ముందుకు జరపవచ్చు. ముందటి నిమిషపు రీడింగు మీకు కనిపించినది అందుకే. జీసీసీ అనే కంపైలర్‌లో ఓ-2 అనే ఆప్టిమైజేషన్ స్థాయి నుంచి ఈ ఊహ అమలులో ఉంటుంది. పాత కంపైలర్ దాన్ని ఉపయోగించుకోలేదు కాబట్టి కోడ్ నడిచింది. ఈ ఊహను ఆపే ‘నో స్ట్రిక్ట్ అలియాసింగ్’ ఆప్షన్ ఒకటి ఉంది, లైనక్స్ కెర్నెల్‌ను దానితోనే కంపైల్ చేస్తారు. సార్ తరం ప్రోగ్రామర్లు ఈ పద్ధతిని విస్తారంగా వాడారు, దాన్ని అజ్ఞానమనడం న్యాయం కాదు.

కనుక మీ ముందు మూడు దారులున్నాయి. సార్ బిట్ల లెక్కను అలాగే ఉంచి, పాయింటర్ మార్పిడి ఉన్న ఒక్క పంక్తిని తీసి, ‘మెమ్‌కాపీ’తో నాలుగు బైట్లను పూర్ణాంకంలోకి నకలు చేయడం మొదటిది. కంపైలర్లు ఆ నకలును సాధారణంగా ఒకటి రెండు యంత్ర ఆదేశాలకు కుదిస్తాయి, వేగం తగ్గుతుందన్న భయం అక్కర్లేదు. కాకపోతే కోడ్ ఐఈఈఈ రూపం మీద ఆధారపడే ఉంటుంది. రెండవది, పైన చెప్పిన సవరణలతో మీ ఫ్రెక్స్‌ప్ కోడ్‌ను నిలుపుకోవడం. అది లోపలి బిట్ల అమరికతో పని లేకుండా ఎక్కడైనా నడుస్తుంది, కానీ సున్నాకూ పాడైన విలువలకూ మీరే కాపలా కాయాలి. దీన్ని ఎంచుకుంటే డబుల్ (64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్య) కోసం ఉన్న ఫ్రెక్స్‌ప్ బదులు ఫ్లోట్ కోసం ఉన్న ‘ఫ్రెక్స్‌ప్‌ఎఫ్’ వాడండి. మీ చిప్‌లో ఫ్లోట్ లెక్కలకు మాత్రమే హార్డ్‌వేర్ ఉందని రాశారు కనుక డబుల్‌కు పోయిన ప్రతి లెక్కా సాఫ్ట్‌వేర్‌లో నెమ్మదిగా సాగుతుంది. మూడవది మీరు ఉత్తరంలో సూచించినదే, కూర్చే ప్రోగ్రాంనే అర-ఒకటి పద్ధతికి మార్చడం. అలా చేస్తే ఇప్పటికే కస్టమర్ల దగ్గర ఉన్న పరికరాలన్నీ, ఏళ్ల తరబడి పోగైన రికార్డులన్నీ తప్పు చదవబడతాయి. ప్రతి రికార్డుకూ ఏ పద్ధతిదో తెలిపే గుర్తు చేర్చనిదే ఆ దారిన పోవద్దని నా సలహా. మొదటి రెండింటిలో నన్ను అడిగితే, ఈ మూడు బైట్ల రూపమే ఐఈఈఈ బిట్ల నుంచి పుట్టింది కాబట్టి మెమ్‌కాపీ ఇక్కడ సహజంగా అమరుతుంది. మీరు రెండోదానికి మొగ్గినా నేను తప్పు పట్టను.

ఏది ఎంచుకున్నా మెమ్‌కాపీ కోడ్‌నూ ఫ్రెక్స్‌ప్ కోడ్‌నూ ఆఫీసు కంప్యూటరులో పక్కపక్కన నడిపి చూడండి. సాధారణ ధన ఫ్లోట్ సంఖ్యలు మొత్తం దాదాపు 213 కోట్లే. ఒక్కటి కూడా వదలకుండా అన్నిటినీ పోల్చడం నిమిషాల పని. కోడ్ సరిగా ఉంటే వాటిలో ఒక్క తేడా కూడా రాకూడదు.

ఉత్తరం చివర మీరు అంటించిన పరీక్ష గురించి ఒక మాట. విలువలను ముద్రించే ప్రింట్‌ఎఫ్ ఫంక్షన్ ఒకే పిలుపులో ఫ్రెక్స్‌ప్‌ను పిలిచి, ఆ పక్కనే ఘాతాంకాన్నీ ముద్రించారు. ఆ రెండింటిలో దేన్ని ముందు లెక్కించాలో సి భాష నిర్ణయించలేదు. ఘాతాంకాన్నే ముందు చదివితే పాత విలువ ముద్రితమవుతుంది. మీకు మొదటి వరుసలో కనిపించిన అర్థం లేని ఘాతాంకం అదే. ముందు పిలిచి, విలువను దాచుకుని, తరువాతి వాక్యంలో ముద్రించండి.

ఇక రికార్డుల సంగతి. మొదటి మార్పు నుంచి రెండవ మార్పు వరకు వచ్చిన బైట్లలో భిన్నాన్ని 65536తో భాగించి, ఒకటి కలపకుండా, ఘాతాంకం సూచించే 2 యొక్క ఘాతంతో గుణిస్తే అసలు రీడింగు వస్తుంది: 53248, 3 అని నమోదైన చోట 0.8125 × 8, అంటే 6.5. రెండవ మార్పు తరువాతి వాటికి ఘాతాంకానికి ఒకటి కలిపి అదే లెక్క చేయాలి. సున్నాలు వాటంతట అవే సున్నాలుగా వస్తాయి. కానీ ఆగిన పంపుల సున్నాలను మినహాయిస్తే, ఏ బైట్లు ఏ కోడ్‌వో బైట్లను చూసి తేల్చలేం. సున్నా ఘాతాంకం మొదటి మార్పులో 0, రెండవ మార్పులో -1; తక్కిన రీడింగులలో ఏది ఏదో చెప్పే ఆధారం లేదు. వాటికి ఏ కోడ్ ఏ పరికరంలో ఏ గంటకు ఎక్కించారన్నదే ఆధారం, అది తెలిసినవారు మీరొక్కరే.

అందుకే గుట్టుగా పాత కోడ్ పెట్టేయడం మీకు ఎంత తేలికగా కనిపించినా నేను సమర్థించలేను. ఆప్టిమైజేషన్ తీసేస్తే కోడ్ నడవవచ్చు, కానీ ఆ లోపం అలాగే ఉండి, తరువాత ఎవరో ఆప్టిమైజేషన్ పెట్టిన రోజున మళ్లీ లేస్తుంది. రీడింగులు తుడిచేస్తే కస్టమరు రికార్డులో మూడు రోజుల ఖాళీ మిగులుతుంది, అడిగినప్పుడు మీ దగ్గర సమాధానం ఉండదు. ఉద్యోగం మానేయడం మీ ఇష్టమే, అయితే ఈ లెక్క చెప్పకుండా వెళ్తే సార్ మనసులో ‘ఆ అమ్మాయి కోడ్ పాడుచేసి వెళ్లింది’ అన్నదే నిలిచిపోతుంది.

సార్‌తో మాట్లాడడానికి కూడా ఒకటి కంటే ఎక్కువ దారులున్నాయి. యాజమాన్యానికి మెయిల్ రాస్తే విషయం నమోదవుతుంది, కానీ ఆయనను దాటి పోయారన్న నొప్పి ఆయనకు మిగులుతుంది. అందరూ ఉన్న సమావేశంలో చెబితే, ఆయన మీతో చేసినదే మీరు ఆయనతో చేసినట్టవుతుంది. అందరూ వెళ్లాక ఒక సాయంత్రం ఒక్క కాగితంతో ఆయన దగ్గరికి వెళ్లడం నాకు మేలుగా తోస్తోంది. కాగితం మీద 6.5ను రెండు రకాలుగా విడదీసి చూపండి. “సార్, మీ పద్ధతికీ ఫ్రెక్స్‌ప్‌కూ హద్దు వేరు, అది చూసుకోకుండా మార్చడం నా తప్పు, రీడింగులు తిరిగి రాబట్టే లెక్క ఇదిగో, కోడ్ ఎక్కించిన వేళలు ఇవిగో” అనండి. మీ తప్పును పూర్తిగా ఒప్పుకున్న తరువాతే పాయింటర్ సంగతి, ఆ తరువాత -128 సంగతి ఎత్తండి. ఆయన ఆ సాయంత్రం ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు 213 కోట్ల సంఖ్యల పరీక్షను ఆయన బల్ల మీదే నడపమని అడగండి. అందరి ముందు అన్న మాట మిమ్మల్ని గాయపరిచిందని కూడా చెప్పదలిస్తే చెప్పవచ్చు, కానీ మరో రోజున. ఆ రెండూ ఒకే సంభాషణలో కలిస్తే లెక్క వెనక్కి పోతుంది.

వీటన్నిటికంటే ముందు, ఈ సమాధానం చదివిన రోజే చేయవలసిన పని ఒకటుంది. మీ చేతి మీటరు మూడో పంపు దగ్గర చూపిన అసలు విలువలను వరుసగా మళ్లీ చదవండి: 5, మర్నాడు ఉదయం 6.5, సాయంత్రానికి 8. అది 30 హెచ్‌పీ పంపు, అంటే సుమారు 22 కిలోవాట్లు, అని మీరే రాశారు. యంత్రాల కంపనంపై వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 10816 మొదటి భాగం 15 నుంచి 75 కిలోవాట్ల మధ్యతరహా యంత్రాలకు సెకనుకు 7.1 మిల్లీమీటర్లు దాటిన కంపనాన్ని యంత్రాన్ని దెబ్బతీయగల స్థాయిగా పరిగణించింది. తెర మీది తప్పు అంకెల గొడవలో ఈ పెరుగుదలను మీ ఆఫీసులో ఎవరూ గమనించినట్టు ఉత్తరంలో లేదు. సార్‌కు ఇప్పుడే ఫోన్ చేసి, కోడ్ మాట ఎత్తకుండా, ఆ పంపును ఆపి బేరింగులు, కప్లింగు, పునాది బోల్టులు చూడమని కస్టమరుకు చెప్పించండి.